కుక్క దగ్గితే ఉబ్బసమేనా?

పెంపుడు కుక్క దగ్గడం మొదలుపెట్టగానే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట ఆస్తమా. ఇంట్లో పెద్దవాళ్లకో పిల్లలకో ఉబ్బసం ఉంటే ఆ మాట ఇంకా త్వరగా వస్తుంది. తెల్లవారుజామున దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, గొంతులో గురగుర, దుమ్ము లేస్తే తుమ్ములు... ఇవన్నీ మనుషుల్లో చూసినవే కాబట్టి కుక్కకూ అదే జబ్బు అనుకోవడం సహజం. ఆ వెంటనే ఎవరో ఒకరు ఫలానా స్టెరాయిడ్ మాత్ర వేస్తే తగ్గిపోతుందంటారు. వేస్తారు. నాలుగు రోజులు తగ్గుతుంది కూడా. అక్కడితో అసలు కారణం కోసం వెతకడం ఆగిపోతుంది. ఆగకూడనిది సరిగ్గా అక్కడే. మనుషుల్లో కనిపించే ఉబ్బసం కుక్కల్లో చాలా అరుదు. దగ్గే కుక్కకు ఉన్నది గుండె జబ్బు కావచ్చు, మెత్తబడిన శ్వాసనాళం కావచ్చు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో చేరిన పురుగు కావచ్చు, పుట్టుకతోనే ఇరుకైన ముక్కు కావచ్చు. నిజంగా అలర్జీయే కూడా కావచ్చు. కానీ అలర్జీ అన్న నిర్ణయం మిగతావన్నీ కాదని తేలాక చిట్టచివర రావలసింది. అది మొదటే వచ్చేస్తే, వైద్యం దారి తప్పి కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

మనిషికి ఉబ్బసం వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాల లోపలి పొర వాస్తుంది, జిగటగా కళ్లె ఊరుతుంది, ఆ గొట్టాల చుట్టూ ఉండే కండరం ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. కండరం బిగుసుకుంటే పీల్చిన గాలి బయటికి పోవడం కష్టమై పిల్లికూతలు వినిపిస్తాయి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీలిస్తే ఆ బిగువు సడలి నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. మూసుకున్న దారి ఇలా మళ్లీ తెరుచుకోవడమే ఉబ్బసానికి ముఖ్యమైన గుర్తు. పెంపుడు జంతువుల్లో అచ్చం ఇలాంటి జబ్బు వచ్చేది పిల్లులకు. సయామీ జాతి పిల్లుల్లో అది మరీ ఎక్కువ. కుక్కలకు సహజంగా వచ్చే శ్వాస జబ్బుల్లో కండరం ఇలా బిగుసుకోవడం, మందు పడగానే సడలడం ప్రధానంగా కనిపించదు. వాటి గొట్టాల్లో వాపు ఉంటుంది, కళ్లె పేరుకుంటుంది, గోడలు దెబ్బతింటాయి, కొన్నిసార్లు గొట్టమే చతికిలబడుతుంది. అందుకే మనిషికి ప్రాణం పోసే ఆ ఇన్‌హేలర్ కుక్క దగ్గుకు చాలాసార్లు అక్కరకు రాదు.

కుక్కలకు అలర్జీలే ఉండవని కాదు. అసలు అలర్జీ గురించిన శాస్త్రంలో ఒక పెద్ద మలుపు కుక్కల ద్వారానే తెలిసింది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే 1901లో మొనాకో రాజు ఒకటో ఆల్బెర్ నౌకలో ప్రయాణిస్తూ సముద్ర జీవుల విషం మీద పరిశోధన మొదలుపెట్టారు. పారిస్‌కు తిరిగొచ్చాక సీ ఎనిమోన్ అనే జీవి విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఎక్కించారు. విషానికి ఒళ్లు అలవాటు పడుతుందని వాళ్లు ఆశించారు. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కొన్ని వారాల తర్వాత చాలా చిన్న మోతాదు మళ్లీ ఇవ్వగానే కుక్కలు కుప్పకూలాయి. ఈ తీవ్రమైన ప్రతిచర్యకు అనఫిలాక్సిస్ అని పేరు పెట్టి 1902లో ప్రకటించారు. ఈ కృషికి రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. అటువంటి తీవ్ర అలర్జీ దెబ్బ పిల్లిలో ఊపిరితిత్తుల మీద పడితే, కుక్కలో ఎక్కువగా కాలేయం మీద, పేగుల మీద పడుతుందని పశువైద్యం తర్వాత గ్రహించింది. ఒకే రకమైన ప్రతిచర్య జంతువును బట్టి వేర్వేరు అవయవాలను పట్టుకుంటుందన్నమాట.

రోజువారీ అలర్జీలోనూ ఇదే తేడా. పరుపుల్లో, దిండ్లలో, తివాచీల్లో బతికే కంటికి ఆనని డస్ట్ మైట్స్, పుప్పొడి, బూజు పడనప్పుడు మనిషికి ముక్కు కారుతుంది, ఛాతీ పట్టేస్తుంది. కుక్కకు చర్మం దురద పెడుతుంది. అది పాదాలు అదేపనిగా నాకుతుంది, చెవులు గోక్కుంటుంది, మూతిని నేలకేసి రుద్దుకుంటుంది. చంకల కింద, పొట్ట కింద చర్మం ఎర్రబడుతుంది, చెవుల్లో మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తుంది. కొన్నిటికి దీంతోపాటు తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు కూడా ఉంటాయి. అయినా అలర్జీ ఉన్న కుక్కను పట్టించేది ప్రధానంగా చర్మమే. కాబట్టి ఒంటి మీద ఏ దురదా లేకుండా దగ్గు, ఆయాసం మాత్రమే ఉన్న కుక్కలో మొదటి అనుమానం అలర్జీ మీద కాకుండా మిగతావాటి మీదికి వెళ్లాలి.

దీనికి శాస్త్రం తెలిసినవాళ్ల నుంచే ఒక అభ్యంతరం రావచ్చు. ప్రయోగశాలల్లో కుక్కలకు ఉబ్బసం లాంటి స్థితి తెప్పించారు కదా, బసెంజీ, గ్రేహౌండ్ జాతులను కలిపి పుట్టించిన కుక్కల గాలిగొట్టాలు చిన్న ప్రేరేపణకే బిగుసుకునేవి కదా, మానవ ఉబ్బసాన్ని అర్థం చేసుకోవడానికి వాటిని ఏళ్ల తరబడి వాడారు కదా అని. నిజమే. కుక్క గాలిగొట్టానికి బిగుసుకునే శక్తి ఉందని ఆ ప్రయోగాలు చూపించాయి. అయితే ఆ స్థితిని పుట్టించడానికి ప్రత్యేకమైన జాతి కలయికో, పుప్పొడి లాంటి పదార్థాలను పనిగట్టుకుని మళ్లీమళ్లీ ఎక్కించడమో అవసరమైంది. ఒక జబ్బును ప్రయోగశాలలో తెప్పించగలగడం వేరు, అది ఇంటి కుక్కలకు మామూలుగా రావడం వేరు. మన గుమ్మంలో దగ్గుతున్న పొమేరియన్‌కు ఏమైందో తేల్చడానికి మొదటిది సాక్ష్యం కాదు.

ఇంటి కుక్కల్లో సహజంగా వచ్చే జబ్బుల్లో అలర్జీకి బాగా దగ్గరగా ఉన్నది ఒకటుంది. దాని పేరు ఇసినోఫిలిక్ బ్రాంకోన్యుమోపతి. ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గాలిగొట్టాల్లోకి, ఊపిరితిత్తుల్లోకి గుంపుగా చేరి వాపు తెప్పిస్తాయి. ఇది ఎక్కువగా ఈడులో ఉన్న కుక్కలకు వస్తుంది. సైబీరియన్ హస్కీ, మాలమ్యూట్ జాతుల్లో ఎక్కువ. లక్షణాలు గట్టి దగ్గు, దగ్గి దగ్గి కక్కినట్టు చేయడం, ఆయాసం, కొన్నిటికి ముక్కు నుంచి చీమిడి. రక్త పరీక్షలో ఇసినోఫిల్స్ పెరిగి కనిపించవచ్చు. ఈ జబ్బున్న కుక్కల్లో చాలావాటికి రక్తంలో అవి మామూలుగానే ఉంటాయి, కాబట్టి రక్తపరీక్ష ఒక్కటే చాలదు. కుక్కకు మత్తు ఇచ్చి, సన్నని బ్రాంకోస్కోపు గొట్టాన్ని గాలిగొట్టంలోకి దింపి, కొన్ని మిల్లీలీటర్ల సెలైన్ వదిలి, దాన్ని తిరిగి లాగి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నుంచి తీసిన ఆ నీటిలో ఇసినోఫిల్స్ ఏదో కొద్ది శాతం ఉంటాయి. ఈ జబ్బులో అవి సగానికి మించి కూడా కనిపిస్తాయి. అప్పుడు స్టెరాయిడ్ ఇవ్వడం సరైన వైద్యం. ప్రెడ్నిసొలోన్‌తో మొదలుపెట్టి మోతాదును నెమ్మదిగా, కొన్ని నెలల్లో తగ్గిస్తారు. చాలా కుక్కలు బాగా కోలుకుంటాయి.

అయితే ఆ మొదటి మాత్ర వేసేముందు పశువైద్యులు ఇంకో ప్రశ్నకు సమాధానం చూస్తారు. ఇసినోఫిల్స్ అంత దండుగా రావడానికి కారణం పురుగులా? కుక్కల్లో ఊపిరితిత్తులకు సంబంధించిన పురుగులు కొన్నున్నాయి. వాటిలో ప్రమాదకరమైంది దోమకాటుతో వచ్చే హార్ట్‌వార్మ్. దోమ వదిలిన పిల్లపురుగు ఆరేడు నెలల్లో పెరిగి గుండెకు, ఊపిరితిత్తులకు మధ్య ఉన్న రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. ఆడపురుగు 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, కుక్క ఒంట్లో అయిదు నుంచి ఏడేళ్లు బతకగలదు. దానికి ఒళ్లు చూపే ప్రతిచర్యే అచ్చం అలర్జీ దగ్గులా కనిపిస్తుంది. మన దేశంలో ఈ పురుగు ఈశాన్య రాష్ట్రాల్లో బాగా కనిపిస్తుంది. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించేది దీని బంధువైన, చర్మం కింద ఉండే మరో పురుగు. అయినా కుక్కలు రైళ్లలో, విమానాల్లో రాష్ట్రాలు దాటుతున్న కాలం ఇది. కుక్క ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ తిరిగింది అని డాక్టరు అడిగితే అది కాలక్షేపం ప్రశ్న కాదు. పురుగు సంగతి తేల్చకుండా అలర్జీ అని స్టెరాయిడ్ ఇస్తే దగ్గు అణిగిపోతుంది, పురుగు లోపల పెరుగుతూనే ఉంటుంది.

వయసు మళ్లిన చిన్న జాతి కుక్కల్లో, అందులోనూ బాగా ఒళ్లు చేసినవాటిలో, మామూలుగా కనిపించేది దీర్ఘకాలిక బ్రాంకైటిస్. వేరే కారణమేదీ దొరకకుండా ఏడాదిలో రెండు నెలలకు పైగా రోజూ దగ్గు ఉంటే పశువైద్యులు ఆ పేరు పెడతారు. ఆ నిర్వచనంలోనే నా వాదన ఉంది. వేరే కారణమేదీ లేదని చూశాకే ఆ పేరు. ఇందులో గాలిగొట్టాల గోడలు మందమై, కళ్లె పేరుకుని, కొన్నిచోట్ల శాశ్వతంగా సాగిపోతాయి. దెబ్బతిన్నది తిరిగి బాగుపడదు. బరువు తగ్గించడం, పొగ, దుమ్ము దగ్గరికి రాకుండా చూడడం, వాపు తగ్గే మందు తక్కువ మోతాదులో వాడడం, వీటితో జబ్బు ముందుకు పోకుండా ఆపవచ్చు. మాత్రల రూపంలో స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడితే కుక్కకు విపరీతమైన దాహం, ఆకలి, మూత్రం, బరువు పెరగడం, కండరాలు కరగడం లాంటి ఇబ్బందులు వస్తాయి. అందుకని పిల్లలకు వాడే స్పేసర్‌కు మాస్కు తగిలించి ఫ్లూటికాసోన్ ఇన్‌హేలర్ ఇచ్చే పద్ధతి వచ్చింది. మాస్కును మూతికి ఒత్తిపెట్టి కుక్క ఏడెనిమిది శ్వాసలు తీసుకునేదాకా ఉంచాలి. మొదట ఖాళీ మాస్కు చూపించి, వాసన చూడనిచ్చి, తాయిలం పెట్టి అలవాటు చేస్తే చాలా కుక్కలు ఒప్పుకుంటాయి.

ఉబ్బసం అన్న పేరు వెనక దాక్కునే వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైంది గుండె జబ్బు. కుక్కల గుండె జబ్బుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఎడమవైపు మైట్రల్ కవాటం అరిగి, మందమై, సరిగ్గా మూసుకోకపోవడం వల్ల వచ్చేవే. చిన్న జాతుల్లో వయసుతోపాటు ఇది పెరుగుతుంది. కవాటం మూసుకోక రక్తం వెనక్కి తంతే ఎడమ గుండెగది ఉబ్బుతుంది. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చూసేవాళ్లకు కనిపించేది ఆయాసం, రాత్రి దగ్గు. అది ఉబ్బసమనుకుని స్టెరాయిడ్ ఇస్తే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి, అప్పటికే అలసిన గుండె మీద ఇంకా భారం పడుతుంది. సకాలంలో గుండె జబ్బని తెలిస్తే జరిగే మేలు ఎంతో 2016లో వచ్చిన ఎపిక్ అనే అధ్యయనం చూపింది. గుండె పెద్దదై ఇంకా లక్షణాలు బయటపడని 360 కుక్కల మీద జరిగిన ఆ అధ్యయనంలో పిమోబెండాన్ అనే మందు వాడినవాటికి గుండె చేతులెత్తేసే రోజు సుమారు 15 నెలలు వెనక్కి జరిగింది. కుక్క ఆయుష్షులో 15 నెలలు చిన్న విషయం కాదు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గుండెలో అసహజమైన చప్పుడు వినిపించినంత మాత్రాన దగ్గుకు కారణం గుండేనని అనేయకూడదు. ముసలి పొమేరియన్‌కు కవాటం జబ్బు, బ్రాంకైటిస్ రెండూ ఉండవచ్చు. ఎక్స్‌రే, ఎకో చూసి వేటి వాటా ఎంతో తేల్చాలి. అంటే ఆస్తమా అనే పేరును తొందరపడి పెట్టకూడదన్న నియమమే గుండె జబ్బుకూ వర్తిస్తుంది.

ఇక గొంతు దగ్గర పుట్టే ఇబ్బందులు. శ్వాసనాళాన్ని తెరిచి ఉంచేవి సి ఆకారంలో ఉండే మృదులాస్థి ఉంగరాలు. పొమేరియన్, చివావా, యార్క్‌షైర్ టెరియర్, టాయ్ పూడిల్ లాంటి చిన్న కుక్కల్లో ఆ ఉంగరాలు మెత్తబడి నాళం చదునవుతుంది. సంతోషంతో గెంతినప్పుడు, నీళ్లు తాగినప్పుడు, మెడ బెల్టు పట్టి లాగినప్పుడు బాతు అరిచినట్టు పొడిదగ్గు వస్తుంది. ఇలాంటి కుక్కకు మెడ బెల్టు తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ వాడడం, బరువు తగ్గించడమే సగం వైద్యం. దీనికీ ఉబ్బసానికీ ఏ సంబంధమూ లేదు. ఇంకొకటి చూడడానికి భయంకరంగా ఉంటుంది, కానీ చాలావరకు హాని లేనిది. కుక్క ఉన్నట్టుండి కదలకుండా నిలబడి, మెడ ముందుకు చాచి, మోచేతులు బయటికి తిప్పి, ముక్కుతో గాలిని పెద్ద చప్పుడుతో లోపలికి లాగుతుంది. ఊపిరాడక చనిపోతుందేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. కొన్ని సెకన్లలో, మహా అయితే ఒకటి రెండు నిమిషాల్లో అదే ఆగిపోతుంది, ఏమీ జరగనట్టు కుక్క తోక ఊపుతుంది. తుమ్ములో గాలి బయటికి వస్తుంది, ఇందులో లోపలికి పోతుంది, అందుకే దీన్ని రివర్స్ స్నీజింగ్ అంటారు. ముక్కు వెనక భాగంలో దుమ్మో ఘాటైన వాసనో తగిలితే వస్తుంది. గొంతు మీద మెల్లగా నిమిరితే తగ్గుతుంది. మరీ తరచుగా వస్తున్నా, ముక్కు నుంచి రక్తం, చీము వస్తున్నా మాత్రం చూపించాలి.

పొట్టి మూతి జాతుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2003లో హచ్ ఫోన్ కంపెనీ టీవీ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట నడిచిన పగ్ దేశమంతటా మనసులు దోచుకుంది. చాలా ఇళ్లలో దాన్ని హచ్ కుక్క అనే పిలిచారు. ఆ ముద్దు మొహం వెనక ఉన్న ఇబ్బందిని మాత్రం ఏ ప్రకటనా చెప్పలేదు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బుల్‌డాగ్, షిట్జు జాతుల్లో పుర్రె పొట్టిగా అయింది కానీ లోపలి మెత్తని కండ ఆ మేరకు తగ్గలేదు. ముక్కు రంధ్రాలు గీతల్లా ఉంటాయి, నోటి పైకప్పు చివర పొడుగై గొంతుకు అడ్డం పడుతుంది. నిద్రలో గురక, నాలుగడుగులు వేస్తే రొప్పు దాని ఫలితాలు. వాటిని జాతి లక్షణంగా తీసుకుని చాలామంది ముచ్చటపడతారు. అది ఊపిరి కోసం పెనుగులాట. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వేడిని ప్రధానంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే వదిలించుకుంటుంది. రొప్పే దారే మూసుకుపోయిన కుక్కకు రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ముక్కు రంధ్రాలను, గొంతులోని అదనపు కండను సరిచేసే ఆపరేషన్ ఉంది, చిన్న వయసులో చేయిస్తే మేలు ఎక్కువ. నెదర్లాండ్స్ 2019 నుంచి మూతి కొలతలు చూసి మరీ పొట్టి మూతి కుక్కలను జతకట్టించకుండా అడ్డుకుంటోంది. ఇలాంటి కుక్కకు ఆస్తమా అని పేరు పెట్టడమంటే మనిషి తన సరదా కోసం కుక్కకు తెచ్చిపెట్టిన కష్టాన్ని ప్రకృతి మీదికి నెట్టేయడమే. ఇవి కాక మరికొన్ని కారణాలూ ఉన్నాయి. ముసలి లాబ్రడార్‌కు మొరుగు గొంతు మారి, గాలి పీల్చేటప్పుడు గరగర వస్తుంటే స్వరపేటిక చచ్చుబడిందేమో చూడాలి. పది కుక్కలు చేరే చోట ఉండి వచ్చిన వారంలోపు దగ్గు మొదలైతే అది కెన్నెల్ కాఫ్ అనే అంటుజబ్బు కావచ్చు. టీకా వేయని కూనకు దగ్గు, జ్వరం, కళ్లలో పుసి ఉంటే డిస్టెంపర్‌ను అనుమానించాలి.

ఇంత చెప్పాక కొందరు అడగవచ్చు. ఏ పేరైతేనేం, చివరికి ఇచ్చేది స్టెరాయిడే కదా, తగ్గితే చాలు కదా అని. తగ్గడం జబ్బు తెలిసిందనడానికి రుజువు కాదు. స్టెరాయిడ్ వాపును అణచగలదు కాబట్టి ఎన్నో జబ్బుల్లో కొన్నాళ్లు దగ్గు తగ్గిస్తుంది. ఆ కొన్నాళ్లలో ఇన్ఫెక్షన్ ముదురుతుంది, పురుగు పెరుగుతుంది, గుండె ఇంకా అలసిపోతుంది. పైగా ఒకసారి స్టెరాయిడ్ పడ్డాక తర్వాత చేసే పరీక్షలు కూడా సరిగ్గా పలకవు. గాలిగొట్టంలో ఇసినోఫిల్స్ మాయమై అసలు జబ్బు దొరకదు. ఇంట్లో ఉన్న మనుషుల మందులు వాడడం ఇంకా ప్రమాదం. ఐబుప్రొఫెన్ మాత్ర కుక్క కడుపులో పుండ్లు వేయిస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. అది కలిసిన దగ్గు సిరప్పులూ ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే వాళ్ల ఇన్‌హేలర్‌ను కుక్కకు అందకుండా ఉంచాలి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను కుక్క కొరికి పగలగొడితే ఒక్కసారిగా లోపలికి వెళ్లే మందుకు గుండె విపరీతంగా కొట్టుకుంటుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో అభ్యంతరం ఖర్చు గురించి. అది నిజాయితీ గల అభ్యంతరం. బ్రాంకోస్కోపీ అన్ని ఊళ్లలో లేదు, ఉన్నచోట అందరికీ అందుబాటులో లేదు. కానీ వెతకడం అంటే అన్ని పరీక్షలూ ఒకేరోజు చేయించడం కాదు. చాలా సమాచారం ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. దగ్గు వచ్చినప్పుడు ఫోన్లో వీడియో తీస్తే చాలు, అది బాతు దగ్గో, రివర్స్ స్నీజింగో, నిజమైన ఆయాసమో డాక్టరు చూడగానే చాలావరకు పోల్చుకుంటారు. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కపెట్టండి. లేవడం, పడడం కలిపి ఒకటి. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిద్రలో నిమిషానికి 30 లోపు ఉండాలి. రోజూ రాసిపెట్టుకుంటున్నప్పుడు అది 30 దాటి నిలబడితే గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో తేడా వచ్చిందని అర్థం. దగ్గు ఎప్పుడు వస్తుంది, పడుకున్నప్పుడా, పరిగెత్తాకా, గొలుసు లాగినప్పుడా, నీళ్లు తాగినప్పుడా అన్నది కూడా రాయండి. ఆ తర్వాత స్టెతస్కోపు, ఎక్స్‌రే, అవసరాన్ని బట్టి రక్తం, మల పరీక్షలు, గుండె ఎకో. ఆ మెట్లు వరసగా ఎక్కితే బ్రాంకోస్కోపీ దాకా వెళ్లే అవసరం చాలా కుక్కలకు రాదు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆస్పత్రులున్నాయి. గుడ్డిగా వాడిన మందులకు నెలల తరబడి పెట్టే ఖర్చును లెక్కవేస్తే, మొదటే తీయించిన ఎక్స్‌రే చవకైనదే.

అలర్జీ అన్న మాటను వెనక్కి నెట్టడమంటే ఇంటి గాలిని వదిలేయడం కాదు. జబ్బు ఏదైనా, దెబ్బతిన్న గాలిగొట్టానికి పొగ శత్రువే. మన ఇళ్లలో కుక్క నేల మీద పడుకుంటుంది. దోమల కాయిల్ వెలిగించి పెట్టేదీ అక్కడే, చాలాసార్లు దాని మూతికి జానెడు దూరంలో. ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ పర్‌స్పెక్టివ్స్ పత్రిక 2003లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేంత. అది మనుషుల ఆరోగ్యం కోసం చేసిన కొలత. అయినా అదే గదిలో తలుపులు వేసుకుని పడుకునే కుక్క పీల్చేది వేరే గాలి కాదు. సిగరెట్ పొగ ఉన్న ఇళ్లలో పెరిగిన పొడుగు ముక్కు కుక్కల్లో ముక్కు క్యాన్సర్ ముప్పుకు ఆ పొగతో సంబంధం ఉన్నట్టు అమెరికాలో 1998లో వెలువడిన అధ్యయనంలో కనిపించింది. దోమలనూ ఉండనివ్వకూడదు కదా అంటే, ఉండనివ్వకూడదు. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర, నీళ్లు నిలవని పెరడు ఉంటే దోమా రాదు, పొగా ఉండదు. సాంబ్రాణి, అగరుబత్తి వెలిగించే వేళ కుక్కను వేరే గదిలో ఉంచడం, ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టడం, దాని పక్కబట్టలను వారానికోసారి వేడినీళ్లలో ఉతకడం కష్టమైన పనులు కావు. వీటివల్ల ఇంట్లోని పసిపిల్లలకు, ముసలివాళ్లకు జరిగే మేలు కూడా తక్కువేం కాదు.

కొన్ని సందర్భాల్లో లెక్కలకూ ఆలోచనకూ వ్యవధి ఉండదు. నాలుక, చిగుళ్లు నీలంగానో బూడిదరంగులోనో మారినా, కుక్క పడుకోలేక మెడ చాచి కూర్చునే ఉన్నా, ప్రతి శ్వాసకూ పొట్ట ఎగదన్నుతున్నా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. దారిలో చల్లగాలి తగలనివ్వాలి, మెడ బెల్టు తీసేయాలి, బలవంతంగా నీళ్లు పోయకూడదు, గట్టిగా పట్టుకుని కంగారు పెట్టకూడదు.

మనిషికి ఆయాసం వస్తే తనకెక్కడ నొప్పిగా ఉందో, ఎప్పటినుంచి ఉందో చెప్పుకుంటాడు. డాక్టరు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే దొరుకుతుంది. కుక్క తరఫున ఆ జవాబులు చెప్పవలసింది దాన్ని పెంచుకునేవాళ్లు. అది ఎలా దగ్గిందో, ఎప్పుడు దగ్గిందో, నిద్రలో ఎన్నిసార్లు ఊపిరి తీసిందో చూసి చెప్పడం వాళ్ల పని. ఆ వివరాలతో కారణం వెతకడం పశువైద్యుల పని. ఈ రెండింటి మధ్య ఉబ్బసం అనే తయారు మాట వచ్చి కూర్చుంటే పెంచేవాళ్లు చూడడం మానేస్తారు, వైద్యులు వెతకడం మానేస్తారు. కుక్కలకు వచ్చే శ్వాస జబ్బుల్లో చాలావాటికి ఇవాళ మందు ఉంది, కొన్నిటికి ఆపరేషన్ ఉంది, మిగిలినవాటికి కనీసం ఏళ్ల తరబడి నెమ్మదిగా బతికించే పద్ధతులున్నాయి. అవన్నీ అందేది ఉన్న జబ్బు పేరు సరిగ్గా తెలిసిన కుక్కకే. అందుకే ఈసారి కుక్క దగ్గినప్పుడు డాక్టరును ఆస్తమాకు మందు అడగవద్దు. ఈ దగ్గు ఎందుకొస్తోంది అని అడగండి.